బావను నిద్రపోనివ్వలేదు

మా బావ మీద ఒక పాట ఉంది. మీరూ వినే ఉంటారు. ఊళ్లన్నీ పడుకుంటే ఒక్కడే మేలుకుని బండి నడిపేవాడి గురించి, నిద్రే భయపడి పారిపోయిన మనిషి గురించి ఆ పాట. కాలేజీ పిల్లలు చేతులు పైకెత్తి ఊగిపోతూ పాడుకుంటారు. అది ఎక్కడ వినిపించినా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఎందుకంటే మా బావకు నిద్ర వచ్చేది. మీకూ నాకూ వచ్చినట్టే వచ్చేది. ఆ పాట కట్టినవాళ్లే నిద్రపోనివ్వలేదు.

నిజానికి మా ఇంట్లో నిద్రకు మారుపేరు బావ. మా అక్కతో పెళ్లినాడు ఫోటోలవాడు లైట్లు సర్దుకునేలోపు కుర్చీలో కూర్చునే ఒక కునుకు తీశాడు. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. అక్క కెమెరా వైపు చూస్తుంటే బావ తన చొక్కా గుండీలు లెక్కపెట్టుకుంటున్నట్టుంటాడు. సెలవు దొరికి ఇంటికొస్తే భోంచేసి పడుకున్నవాడు మళ్లీ భోజనం వేళకే లేచేవాడు. పక్కగదిలో పిల్లలు జుట్టూ జుట్టూ పట్టుకున్నా చలించేవాడు కాదు. తను ఈయన్ని కట్టుకుందో, ఈయనగారి దుప్పటిని కట్టుకుందో తెలియడం లేదని అక్క దెప్పేది. బావ నవ్వి అటు తిరిగి పడుకునేవాడు.

దానికి కారణం ఉంది. మీసాలు రాకముందే లారీ క్లీనరుగా ఎక్కిన మనిషి. టార్పాలిన్ మీద, టైర్ల మధ్య, ఎక్కడ సందు దొరికితే అక్కడ నడుం వాల్చి పెరిగాడు. స్టీరింగు చేతికొచ్చాక తనకు తనే ఒక నియమం పెట్టుకున్నాడు. కళ్లు బరువెక్కితే బండి పక్కకు తియ్యాలి. సరుకు ఆలస్యమైందని తిట్లు తిన్నాడు, రెండుసార్లు పని పోగొట్టుకున్నాడు, ఈ టూరు వచ్చేదాకా ఆ నియమం మాత్రం వదల్లేదు. లారీల నుంచి బస్సులకు, బస్సుల నుంచి పాటల బృందాలను ఊరూరా తిప్పే పెద్ద పడకల బండికి వచ్చాడు. మనిషి భారీగా ఉంటాడు గానీ బండి నడుపుతుంటే మెతకదనమంతా చేతుల్లోకి వచ్చేస్తుంది. తను బ్రేకు వేసిన సంగతి వెనక పడుకున్నవాళ్లకు తెలియకూడదు, అదీ ఆయన పట్టింపు.

నేను ఆయన మరదలిని, దర్జీని. నా కొట్టున్న భవనం కూలగొట్టేశాక చేతిలో పని లేకుండా కూర్చుంటే, బావే మేనేజరుతో మాట్లాడి నన్ను ఈ టూరులో పెట్టించాడు. బృందం బట్టలన్నీ నా బాధ్యత. ఉతకాలి, ఇస్త్రీ చెయ్యాలి, చిరిగినవి కుట్టాలి. అందులో ఒక గొప్ప పని ఉంది. పాటగాడు ప్రతి ప్రదర్శన ఆఖర్నా ఆవేశం పట్టలేక చొక్కా చించుకుంటాడు. జనం వెర్రెత్తిపోతారు. ఆ ఆవేశానికి వీలుగా చొక్కా ముందుభాగంలో వదులు కుట్టు వేసి పెట్టేది నేను. ఒకసారి పరధ్యానంలో గట్టి కుట్టు పడింది. ఎంత గింజుకున్నా చిరగక, చివరికి పళ్లతో పీక్కున్నాడు. మర్నాడు పేపర్లలో అది ఇంకా గొప్ప ఆవేశమని రాశారు. ఆయనకు నేను పెట్టుకున్న పేరు రాజావారు.

మా పనిలో అందరికీ తెలిసిన ఒక పద్ధతి ఉంది. బస్సు రాత్రంతా నడుస్తుంది, తెల్లారేసరికి కొత్త ఊరు చేరుతుంది. అప్పుడు బృందం, లైట్లవాళ్లు, నేను, అందరం మైదానానికి పోతాం. డ్రైవరు హోటల్ గదికి పోయి పడుకుంటాడు. అందరి పగలు ఆయనకు రాత్రి. గది బయట చెప్పుల జోడు విప్పి ఉంటే లోపల డ్రైవరు నిద్రలో ఉన్నట్టు లెక్క. ఆ తలుపు కొట్టకూడదు. ఎంత తాగిన వాద్యగాళ్లయినా, ఎంత పొగరుబోతు పాటగాళ్లయినా ఈ ఒక్కటి పాటిస్తారని బావ నాకు మొదట్లోనే చెప్పాడు. ఇరవయ్యేళ్లుగా ఎవరూ తన తలుపు కొట్టలేదన్నాడు. రాజావారి సంగతి ఆయనకప్పటికి తెలియదు.

టూరు మొదలైనప్పుడు డ్రైవర్లు ఇద్దరు. రాత్రిలో సగం ఒకరు, సగం ఒకరు. మూడో ఊళ్లో రాజావారి స్నేహితుడొకడు కెమెరా భుజాన వేసుకుని దిగాడు. టూరంతా వీడియో తీస్తాడట, పడక కావాలట. పడకలన్నీ నిండి ఉన్నాయి. ఎవరి పడక తీశారో చెప్పక్కర్లేదు. రెండో డ్రైవరును ఇంటికి పంపేశారు. ఆ కెమెరా ఆయన రోజంతా పడుకునేవాడు. లేచినప్పుడు పడుకున్నవాళ్లను వీడియో తీసేవాడు.

అక్కడితో ఆగలేదు. బస్సు తాళం డ్రైవరు దగ్గరే ఉండాలన్నది బస్సు కంపెనీ కట్టడి. వీళ్లేమో ఒక్క వస్తువు గుర్తుపెట్టుకునే రకం కాదు. ఒకడు మందులు బస్సులో మరిచిపోతాడు, ఇంకొకడు ఫోను ఛార్జరు. రాజావారికి ఉన్నట్టుండి హోటల్ దిండు పడదు, బస్సులో దిండే కావాలి. ప్రతిదానికీ బావ తలుపు. దబదబా బాదుడు. పాపం ఆయన లేచి, ప్యాంటు తొడుక్కుని, దిగి వెళ్లి, తాళం తీసి, ఇచ్చి, మళ్లీ మెట్లెక్కి వచ్చి పడుకునేసరికి ఆ వచ్చిన నిద్ర కాస్తా ఎటో పోయేది. తాళం నాకిమ్మని నేను బతిమాలాను. కంపెనీవాళ్లు ఒప్పుకోరన్నాడు. మరి ఇలా లేపడానికి కంపెనీవాళ్లు ఒప్పుకున్నారా అని అడిగితే దుప్పటి మీదికి లాక్కున్నాడు.

ఇక్కడ బావ మీద కూడా నాకు కోపమే. దాచుకోవడం ఎందుకు. ఒక తెల్లవారుజామున రాజావారు ముందు సీట్లోకి వచ్చి కూర్చుని, అసలు నీకు నిద్ర రాదా అని అడిగాడు. రెండో డ్రైవరును మీరే పంపేశారు కదయ్యా అని చెప్పొచ్చు కదా. ఈయన సరదాకు పోయాడు. నిద్రకు నేనంటే భయం బాబూ, బండి ఎక్కదు అన్నాడు. అంతే, రాజావారు ఆ మాట చొక్కా చేతి మీదే రాసుకున్నాడు. (ఆ సిరా వదిలించడానికి నేను పడ్డ పాట్లు వేరే కథ.) వారం తిరక్కుండా పాట తయారైంది. వేదిక మీద పాడాడు. జనం నెత్తిన పెట్టుకున్నారు. ఏ ఊరు వెళ్లినా అదే అడగడం మొదలుపెట్టారు.

బావ కూడా కాస్త పొంగిపోయాడు. మనిషన్నాక పొంగడూ. పెట్రోలు బంకుల్లో కుర్రాళ్లు గుర్తుపట్టి ఫోటోలు దిగేవాళ్లు. మా అక్క ఫోను చేసి, మీ బావ మీద పాట వచ్చిందటగా, వీధంతా నన్ను ఎగాదిగా చూస్తోందే అని మురిసిపోయింది. ఆ పాట వచ్చాక తలుపు బాదేవాళ్లకు ఉన్న కాస్త జంకు కూడా పోయిందని నేను అక్కకు ఎలా చెప్పను? నిద్ర రాని మనిషిని లేపితే తప్పేముంది, అలా తయారైంది వాళ్ల బుర్ర.

అసలు సంగతి కొండదారిలో జరిగింది. తెల్లారుతోంది. నేను ఫ్లాస్కుతో కాఫీ పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. ఆయన్ని మేలుకొలిపి ఉంచడానికి ఏదో ఒకటి వాగుతూ ఉండటం నాకు అప్పటికి అలవాటైపోయింది. అక్క కొత్త కర్టెన్ల గురించి చెబుతున్నాను. బావ ఊఁ కొడుతున్నాడు. ఊఁ. ఊఁ. తరవాత ఊఁ రాలేదు. దారి ఎడమకు తిరిగింది, బస్సు తిరగలేదు. చక్రాల కింద కంకర గరగరలాడింది. ముందు అద్దంలోంచి నాకు కొండ కనబడలేదు, ఆకాశం కనబడింది. నేను బావ భుజం పట్టుకుని కుదిపేశాను. ఆయన ఉలిక్కిపడి స్టీరింగు తిప్పేశాడు. బండి ఊగి, తేరుకుని, రోడ్డెక్కింది.

కొంచెం ముందుకెళ్లి ఆపాడు. దిగి నీళ్లతో మొహం కడుక్కున్నాడు. వెనక ఒక్కడికీ మెలకువ రాలేదు. డ్రమ్ములవాడొక్కడు తెర పక్కకు లాగి తల బయట పెట్టి, టీ కోసం ఆగామా అన్నాడు. అవును బాబూ అన్నాడు బావ. అక్కకు చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

అక్కకు చెప్పలేదు. మేనేజరుకు చెప్పాను. రెండో డ్రైవరును పిలిపించండి, లేదా పగలు ఆయన జోలికి పోకండి అన్నాను. మేనేజరు చెడ్డవాడేం కాదు, చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని. తల ఊపుతూ అంతా విన్నాడు. ఇంకొన్ని ఊళ్లే కదమ్మా, ఓపిక పట్టండి అన్నాడు. సాయంత్రానికి బావ సీటు పక్కన ఒక అట్టపెట్టె పెట్టించాడు. నిండా నిద్ర రాకుండా చేసే పానీయం డబ్బాలు. నాకు ఒళ్లు మండి ఆ పెట్టెను కాలితో ఒక్క తన్ను తన్నాను. నా బొటనవేలు వాచింది, పెట్టెకేం కాలేదు.

ఆ రాత్రీ బావే నడిపాడు. మర్నాడు చేరిన ఊళ్లో ప్రదర్శన. ఎండ తగ్గుతుండగా మొదలై చీకటి పడేలోపు ముగియాలి. మైదానానికి ఎదురుగానే హోటల్. పొద్దున బావను మూడుసార్లు లేపారు. దిండు ఒకసారి, ఛార్జరు ఒకసారి, మూడోది ఎందుకో లేపినవాడికే గుర్తులేదు. మధ్యాహ్నం దాటాక గానీ ఆయన కంటి మీద కునుకు పడలేదు. నేను తలుపు దగ్గర కాసేపు నిలబడి, లోపలి గురక విని, హమ్మయ్య అనుకుని వేదిక వెనక్కి వెళ్లాను. చొక్కాకు వదులు కుట్టు వెయ్యాలి కదా, లేకపోతే లోకం ఆగిపోతుంది.

ప్రదర్శన సగంలో ఉండగా జనం బావ పాట కోసం అరవడం మొదలుపెట్టారు. రాజావారు మైకులో ఏదో చెప్పాడు, జనం హోరెత్తారు. నేను పట్టించుకోలేదు. కాసేపటికి కాపలావాళ్లు ఇద్దరు వేదిక వెనక మెట్ల మీదుగా ఒక మనిషిని నడిపించుకొస్తున్నారు. మా బావ. గుండీలు ఒకటి పెట్టాల్సిన చోట ఒకటి పెట్టుకున్నాడు. చెంప మీద దిండు ముడత అలాగే ఉంది. కాళ్లకు హోటల్ స్లిప్పర్లు. ఎటు తీసుకెళుతున్నారో కూడా తెలియని చూపు. నిద్రపోని మనిషిగా సన్మానం చెయ్యడానికి నిద్రలేపి తీసుకొచ్చారు ఆయన్ని. ఇంతకంటే తెలివితక్కువ పని ఈ భూమ్మీద ఎవరైనా చేస్తారా? వీళ్లు చేశారు. పైగా మెచ్చుకోలుగా చేశారు.

నేను అడ్డంపడబోతే కాపలావాడు పక్కకు నెట్టాడు. రాజావారు బావ భుజం మీద చెయ్యి వేసి, ఇడుగో ఆ మనిషి అన్నాడు. అంత మైదానమూ ఒక్కసారిగా పాట అందుకుంది. నువ్వు నిద్రపోవు, నువ్వు నిద్రపోవు అని అన్ని గొంతులు. బావ ఆ జనం వైపు చూస్తూ నిలబడ్డాడు. పాట ఆగాక రాజావారు మైకు ఆయన చేతికిచ్చి, ఏదైనా చెప్పమన్నాడు. బావ దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"బాబూ, నాకూ నిద్ర వస్తుంది. నిన్న పొద్దున కొండ మలుపులో స్టీరింగు మీదే నిద్రపోయాను. మీరంతా వెనక పడుకునే ఉన్నారు. ఇవాళన్నా నన్ను పడుకోనివ్వండి."

జనం ఈలలు వేశారు. వాళ్లకేం వినబడిందో, ఏం అర్థమైందో దేవుడికెరుక. వేదిక మీద ఏం చెప్పినా ఈలలే. వెనక డ్రమ్ములవాడి చేతుల్లో పుల్లలు మాత్రం గాలిలోనే ఆగిపోయాయి. రాజావారు పగలబడి నవ్వాడు. బావ వీపు మీద చరిచి మైకు లాక్కుని, చూశారా, మావాడు నిద్రలో కూడా నడుపుతాడు అన్నాడు. మైదానం దద్దరిల్లింది. ఆ క్షణంలో నా చేతిలో ఉన్నది సూది కాబట్టి సరిపోయింది.

బావ మెట్లు దిగి నా దగ్గరికి వచ్చాడు. "అంతమంది నిద్రపోవు నిద్రపోవు అంటుంటే నాకు భయమేసింది మరదలా, నేనే నమ్మేస్తానేమోనని. ఇవాళ బండి తియ్యను. వాళ్లకు చెప్పు" అన్నాడు. ఈ టూరులో ఎవరికీ ఒక్కసారీ కాదనని మనిషి. నేను ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి గదిలో పడుకోబెట్టాను. బయట ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ప్రదర్శన అయ్యాక బస్సు చుట్టూ పెద్ద రభస జరిగిందట. తాళం లేదు, డ్రైవరు లేడు. రాజావారు బస్సు తలుపును తన్ని కాలు నొప్పి పుట్టించుకున్నాడట. అది విని మొదటిసారి ఆయన మీద నాకు కొంచెం సాటిమనిషన్న భావం కలిగింది. మేనేజరు పైకి వచ్చాడు, నా మొహం చూశాడు, దిగిపోయి అందరికీ గదులు తీసుకున్నాడు. డ్రమ్ములవాడు తన గదికి వెళుతూ నా ముందు ఆగాడు.

"ఆ పొద్దున మనం ఆగింది టీ కోసం కాదు కదా" అన్నాడు.

కాదన్నాను. ఇంటి దగ్గర అతని భార్యకు నెలలు నిండుతున్నాయి. నా ఫోను అడిగి తీసుకుని తన నంబరు ఎక్కించి, ఏదైనా అవసరమైతే ఫోను చెయ్యమని వెళ్లిపోయాడు.

పొద్దున మేనేజరు మళ్లీ వచ్చాడు. ఈసారి మొహంలో జాలి ఉంది. అది చూడగానే నాకు అర్థమైపోయింది. అంతమంది ముందు స్టీరింగు మీద నిద్రపోయానని ఒప్పుకున్న డ్రైవరును ఇక ఉంచుకోలేమని కంపెనీవాళ్లు చెప్పేశారట. బీమావాళ్లు ఊరుకోరట. నిద్రపోడని పాట కట్టి ఊరేగించినవాళ్లు, నిద్రపోయాడని తీసేశారు. ఈ మధ్యలో ఆయన నిద్ర చెడగొట్టిందెవరో అడిగే నాథుడు లేడు. తను ఆయనకు స్వయంగా చెప్పాలని, లేపమని మేనేజరు తలుపు మీద చెయ్యి వేశాడు.

నేను లేచి ఆ చెయ్యి తీసేశాను. "పోయిన ఉద్యోగం ఎక్కడికీ పోదు. లేచాక వింటాడు. ఈ తలుపు మీద ఇంకొక్క దెబ్బ పడిందంటే నేను ఊరుకోను" అన్నాను. నా గొంతు అంత పెద్దగా లేస్తుందని నాకే తెలియదు. పక్కగదుల వాళ్లు బయటికి వచ్చి చూశారు. రాజావారు కూడా వచ్చాడు, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని. ఏమయిందన్నాడు. డ్రైవరు నిద్రపోతున్నాడన్నాను.

కంపెనీ కొత్త డ్రైవరును పంపింది. మారు తాళంచెవి అతనే తెచ్చుకున్నాడు. కిటికీలోంచి చూశాను. బక్కపల్చటి మనిషి, బస్సుకు చేరగిలబడి అట్టపెట్టెలోని డబ్బా ఒకటి తాగుతున్నాడు. కాసేపటికి అందరూ ఎక్కారు. బస్సు వెళ్లిపోయింది. నన్ను ఎవరూ పిలవలేదు, నేనూ వెళ్లలేదు. వాళ్ల చొక్కాలన్నీ మాత్రం ముందే గట్టి కుట్టుతో కుట్టి సంచిలో పెట్టి పంపాను.

బావ తనంతట తనే లేచాడు, మధ్యాహ్నం ఎండ మంచం మీదికి వచ్చాక. ఒళ్లు విరుచుకుని బయటికి వచ్చి, నన్ను కుర్చీలో చూసి, బయల్దేరాలా అన్నాడు. జరిగింది చెప్పాను. తిట్టుకుంటూ చెప్పాను, కంపెనీని, మేనేజరును, రాజావారి ఏడు తరాలనూ. ఉద్యోగం పోయిందన్నప్పుడు ఆయన మొహం మారలేదు. కొత్త డ్రైవరన్నప్పుడు మారింది.

"ఎక్కణ్నుంచి వచ్చాడు?"

కంపెనీ ఊరి నుంచి, రాత్రంతా కారు నడుపుకుంటూ వచ్చాడన్నాను.

"వచ్చినవాణ్ని కాసేపు పడుకోనిచ్చారా?"

డబ్బా తాగి ఎక్కేశాడన్నాను. బావ నా ఫోను అడిగి తీసుకున్నాడు. అందులో బృందం వాళ్లవి ఎవరెవరి నంబర్లు ఉన్నాయని అడిగాడు. డ్రమ్ములవాడిదుందన్నాను. వాడు తొందరగానే ఎత్తాడు. కొండలు మొదలయ్యాయని చెప్పాడు.

"బాబూ, నువ్వు లేచి ముందు సీట్లోకి వచ్చి కూర్చో. ఆయనతో మాట్లాడుతూ ఉండు, ఇంటి సంగతో, పెళ్లాం సంగతో, ఏదో ఒకటి. ఊఁ కొట్టడం ఆగిందంటే భుజం పట్టుకుని కుదిపి బండి ఆపించు. ఎవరు ఏమన్నా ఆపించు. ఫోను పెట్టకు, నేను వింటూ ఉంటాను."

బస్సు తరవాతి ఊరు చేరేదాకా ఆయన ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. మంచం అంచున వంగి కూర్చుని, అవతల ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి కొట్టే ఊఁ ఊఁ వింటూ, అది కాస్త ఆలస్యమైతే ఊపిరి బిగబట్టేవాడు. వద్దు బావా, వాళ్ల పాపాన వాళ్లే పోతారు, నువ్వు పడుకో అని నేను ఎంత మొత్తుకున్నా వినలేదు. వాళ్ల కోసం మళ్లీ మేలుకునే కూర్చున్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపమే ఎక్కువ.